జలదారి మందగించినప్పుడు

స్నానపు గదినుండి నీరు వెలుపలికి పోవు మార్గమును మా పెద్దలు 'జలదారి' యనుచుండిరి. రాయచూరు బజారులో 'మోరీ' యన్నచో కన్నడమువారికిని, ఉరుదూవారికిని, మనకును సమానముగనే తెలియును. పేరేదైనను అది తన పనిని ఒక్కనాటితో మానదు. మొదట మందగించును. స్నానము ముగియుసరికి పాదముల చుట్టు నీరు నిలుచును. కొన్ని దినములకు మడమలు మునుగును. మొదటి దినముననే చూచుకొన్నచో అది పావుగంట పని.

మన బోరుబావులలో పెక్కింటి నీరు కఠినజలము. అందలి కాల్షియము, మెగ్నీషియము లవణములు సబ్బుతో కలిసినచో నురుగు రాక తెల్లని మడ్డి యేర్పడునని మీరు పాఠములో చదివియుందురు. ఆ మడ్డి గొట్టము లోపలి గోడకు అంటుకొనును. దానికి తలవెండ్రుకలు చిక్కుకొనును; వెండ్రుకలకు తలంటు నూనె పట్టుకొనును. వంటింటిలో గంజి, టీ పొడి, అంట్లు తోమిన బూడిద ఈ పని చేయును. నెయ్యి, వనస్పతి పోయునప్పుడు ద్రవమే గాని గొట్టములో చల్లారి గడ్డకట్టును.

అంట్లు కడుగు తొట్టి క్రింద గొట్టము వంకరగా నుండుట పనివాని పొరపాటు కాదు. ఆ వంపులో సుమారు రెండంగుళముల నీరు ఎల్లప్పుడు నిలిచి, మురుగువాయువు ఇంటిలోనికి రాకుండ అడ్డుపడును. 1775లో లండనులో అలెగ్జాండర్ కమింగ్ అను గడియారముల పనివాడు మరుగుదొడ్డికి ఇట్టి వంపుగొట్టము నమర్చి పేటెంటు పొందెను. వేసవి సెలవులకు ఇల్లు మూసి పోయి తిరిగి వచ్చినప్పుడు దుర్గంధము వచ్చినచో, తఱచు ఆ నీరు ఎండిపోవుటయే కారణము. చెంబెడు నీరు పోసిన చాలును.

అడ్డు సాధారణముగా ఈ వంపులోనే యుండును. కావున మొదట జాలీ తీసి, కొన వంచిన తీగెతో వెండ్రుకలు లాగవలెను. తొట్టి క్రింది వంపును, బకెట్టు పెట్టి, చేతితో త్రిప్పి విప్పవచ్చును. కఱ్ఱపిడి గల రబ్బరు గిన్నెతో అదిమి లాగుటయు మంచిదే. వేడినీరు పోయవచ్చును గాని మరుగునీరు పోయరాదు. పీవీసీ గొట్టము ఆ వేడికి మెత్తబడును.

యాసిడు మాత్రము వలదు. కర్నూలులో శిక్షణ పొందుచు అద్దెగదిలో నున్న దినములలో నేను జలదారిపై బ్లీచింగు పొడి చల్లి, అది చాలదని యాసిడు పోసితిని. క్షణములో గొంతు పట్టుకొనెను. తలుపు తెఱచియుండుటచే బ్రతికి బయటపడితిని. ఆ రెండును కలిసిన క్లోరిను పుట్టునని పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొన్నవాడనే! తరువాత వచ్చిన ప్లంబరు తీగెతో లాగినది ఒక షాంపూ ప్యాకెట్టు.

ఒక్క జలదారియే మందగించినచో దోషము దానియొద్దనే కలదు. వంటింట నీరు వదలగా స్నానపు గదిలో నీరు పైకి వచ్చినను, మరుగుదొడ్డిలో గుడగుడ శబ్దమైనను, దోషము అన్నియు కలియు పెద్దగొట్టములో నున్నది. అచ్చటికి మన తీగె అందదు, ప్లంబరును పిలువవలెను. నల్లరేగడి నేలలో ఇంకొక చిక్కు కలదు. ఆ మన్ను వానకు ఉబ్బును, ఎండకు బీటలువాఱును; దానితోపాటు గొట్టమును కదలి అతుకు వీడును, వాలు తప్పును. నాలుగంగుళముల గొట్టమునకు 40 అడుగులకు ఒక అడుగు వాలు మంచిది. ఏటేట ఒక్కచోటనే అడ్డుపడుచున్నచో తీగె త్రిప్పించుట వృథా. త్రవ్వించి వాలు సరిచేయించవలెను. ప్లంబరు వచ్చినప్పుడు లోపల ఏమేమి పోసితిమో దాచక చెప్పవలెను. యాసిడు సంగతి దాచినచో పోవునవి అతని కన్నులు.

సెప్టిక్ ట్యాంకు నిండినచో పిలువవలసినది యంత్రపు బండిని. మనిషిని లోనికి దింపరాదు. అందు హైడ్రోజన్ సల్ఫైడు వాయువు చేరియుండును. స్వల్పముగా నున్నప్పుడు కుళ్లిన గ్రుడ్ల వాసన. అధికమైనచో ముక్కు ఆ వాసననే గ్రహింపజాలదు. వాసన లేదని దిగినవాడు పడిపోవును, వానిని లాగబోయినవాడును పడిపోవును. రక్షణ సాధనములు లేకుండ మనిషిని దింపించుట 2013 నాటి చట్టము ప్రకారము నేరము. తొలిసారికే రెండేండ్ల వరకు జైలు గాని, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. మన రాష్ట్రములోని కోలారు బంగారు గనుల ప్రాంతమున పుట్టిన బెజవాడ విల్సన్ గారు ఈ చాకిరిని మాన్పుటకు దశాబ్దములుగా పాటుపడుచున్నారు. 2016లో వారికి రామన్ మెగసెసే పురస్కారము లభించెను. ఇట్టి మరణమునకు ముప్పది లక్షల రూపాయల పరిహారము చెల్లింపవలెనని 2023లో సుప్రీంకోర్టు ఆదేశించెను.

బండి వచ్చినను ట్యాంకు మూత యెచ్చట నున్నదో తెలియవలెను గదా! చాల యిండ్లలో దానిపై షాబాదు బండలు పఱచివేసినారు. ఈ ఆదివారము మీ తండ్రిగారితో కలిసి మీ యింట దానిని వెదకి చూడుడు.