ప్రజావిశ్వాసం – ప్రభుత్వ వ్యవస్థలు

ప్రభుత్వానికి ధనాగారం ఎంత అవసరమో ప్రజల విశ్వాసం కూడా అంతే అవసరం. చిత్తూరు జిల్లా గంగవరంలోని రైతు పన్ను చెల్లించినా, ఓటు వేసినా, న్యాయస్థానం మెట్లెక్కినా ఆ వ్యవస్థ తనకు న్యాయం చేస్తుందనే నమ్మకంతోనే ఆ పని చేస్తాడు. రాజకీయ కుంభకోణాలు ఈ నమ్మకాన్నే దెబ్బతీస్తాయి.

అవినీతి నేటిది కాదు. రాజోద్యోగులు ధనాన్ని అపహరించే మార్గాలు నలభై అని కౌటిల్యుడు అర్థశాస్త్రంలో పేర్కొన్నాడు. అయితే రాచరికంలో లెక్క అడిగేవాడు రాజు. ప్రజాస్వామ్యంలో ఆ బాధ్యత ప్రజలది.

పార్లమెంటు చరిత్రలోని ఒక ఉదంతం ఈ విషయాన్ని స్పష్టం చేస్తుంది. 1993 జూలై 28న ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు ప్రభుత్వంపై ప్రవేశపెట్టిన అవిశ్వాస తీర్మానం లోక్‌సభలో వీగిపోయింది. తీర్మానానికి అనుకూలంగా 251, వ్యతిరేకంగా 265 ఓట్లు వచ్చాయి. జార్ఖండ్ ముక్తి మోర్చా సభ్యులు లంచం పుచ్చుకొని ప్రభుత్వాన్ని కాపాడారనే ఆరోపణపై అనంతరం కేసు నమోదయింది. సభలో వేసిన ఓటుకు రాజ్యాంగంలోని 105వ అధికరణం రక్షణ కల్పిస్తుంది కనుక, లంచం తీసుకొని ఓటు వేసిన సభ్యులను విచారించరాదని 1998లో సుప్రీంకోర్టు 3–2 ఆధిక్యంతో తీర్పు చెప్పింది. లంచం ఇచ్చినవారికి మాత్రం ఆ రక్షణ లేదన్నది. 2000లో ప్రత్యేక న్యాయస్థానం పి.వి.ని దోషిగా నిర్ణయించగా, 2002లో ఢిల్లీ హైకోర్టు ఆయనను నిర్దోషిగా ప్రకటించింది.

ఇందులో గ్రహించవలసిన అంశాలు రెండు. ఆరోపణ వేరు, నేరనిరూపణ వేరు. ఈ భేదాన్ని పాటించకపోతే నిరపరాధికి అన్యాయం జరుగుతుంది. ఇక రెండవది, చట్టమే తప్పుకు రక్షణగా నిలిచినట్లు కనిపించినప్పుడు ప్రజల అవిశ్వాసం వ్యక్తులతో ఆగక వ్యవస్థల మీదికి పాకుతుంది. “అందరూ అంతే” అన్న మాట అప్పుడు పుడుతుంది. నిజాయితీపరుడైన అధికారి కూడా అనుమానానికి గురవుతాడు. పౌరుడు ప్రశ్నించడం మాని, పని జరగడానికి తానే లంచం ఇవ్వజూపుతాడు. దీనివల్ల లాభపడేది తప్పు చేసినవాడే.

కోల్పోయిన విశ్వాసం తిరిగి రావడానికి వ్యవస్థ తన తప్పును తానే దిద్దుకోవాలి. 2024 మార్చి 4న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 1998 నాటి తీర్పును ఏకగ్రీవంగా తోసిపుచ్చి, లంచం తీసుకున్న చట్టసభ సభ్యులకు రక్షణ లేదని తేల్చింది. ఇందుకు ఇరవై ఆరేళ్లు పట్టింది. జాప్యం జరిగిన కొద్దీ నిరాశ పెరుగుతుందనడానికి ఇదొక నిదర్శనం.

పౌరుల చేతిలోనూ సాధనాలున్నాయి. 2005 అక్టోబరు 12న పూర్తిగా అమలులోకి వచ్చిన సమాచార హక్కు చట్టం ప్రభుత్వ దస్త్రాలను చూసే అవకాశాన్ని సామాన్యునికి కల్పించింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన ఉపాధి హామీ పథకం గ్రామసభకు సామాజిక తనిఖీ చేసే అధికారాన్ని ఇచ్చింది. కూలీల హాజరు పట్టికను, చెల్లించిన వేతనాన్ని ఊరివారి సమక్షంలో చదివి సరిచూసే పద్ధతి ఇది.

కావున ప్రభుత్వాన్ని గుడ్డిగా నమ్మడమూ, పూర్తిగా నమ్మకపోవడమూ రెండూ ప్రమాదకరమే. ఆధారాలు అడిగి, పరిశీలించి, ఆపై నమ్మే పౌరులున్నచోటనే వ్యవస్థలు బాధ్యతతో పనిచేస్తాయి. ఓటు హక్కు పొందబోయే యువతీయువకులు ఈ అలవాటును ఇప్పటినుండే అలవరచుకోవాలి.