ఓడించినవాడికీ చప్పట్లు

1999 జనవరి 31, ఆదివారం. చెన్నై చేపాక్‌లో పాకిస్తాన్‌తో టెస్టు. మనం గెలవాలంటే 271 కొట్టాలి. 82 పరుగులకే ఐదుగురు వెనక్కి వచ్చేశారు. అక్కణ్నుంచి సచిన్, మొదట నయన్ మోంగియా తోడుగా, నడుంనొప్పితో వంగలేకపోతూనే స్కోరుని 254 దాకా లాక్కొచ్చాడు. ఇంకో 17 చాలు. అప్పుడు సక్లైన్ ముస్తాక్ బంతిని ఎత్తి కొడితే అది వెళ్లి వసీం అక్రమ్ చేతుల్లో పడింది. సచిన్ 136. మిగిలిన మూడు వికెట్లు నాలుగు పరుగుల్లో పోయాయి. 12 పరుగుల తేడాతో ఓడిపోయాం.

మా ఇంట్లో నాన్న టీవీ ఠక్కున కట్టేశాడు. పక్కింటి టీవీ మాత్రం మోగుతూనే ఉంది, అందులోంచి చప్పట్లు వినిపిస్తున్నాయి. ఓడిపోయాక చప్పట్లేమిటని మళ్లీ పెడితే, గ్యాలరీలన్నీ లేచి నిలబడి ఉన్నాయి. పాకిస్తాన్ ఆటగాళ్లు మైదానం చుట్టూ పరుగు తీస్తుంటే చేపాక్ జనం వాళ్లకోసం చప్పట్లు కొడుతున్నారు. అసలీ సిరీసే వద్దంటూ ఢిల్లీ ఫిరోజ్‌షా కోట్లాలో పిచ్‌ని తవ్విపోసి అప్పటికి నెల కూడా కాలేదు. "మద్రాసోళ్లకి ఆట తెలుసురా" అన్నాడు నాన్న. అందులో మెచ్చుకోలు ఎంతో, ఉక్రోషం ఎంతో నాకు అప్పుడు తెలియలేదు.

మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ సచిన్‌కే ఇచ్చారు. తీసుకోవడానికి అతను బయటికి రాలేదు.

అంతకు రెండేళ్ల ముందు, 1997 మే నెలలో, ఇదే మైదానంలో సయీద్ అన్వర్ మన బౌలర్లను చితకబాది 194 కొట్టాడు. వన్డేల్లో అప్పటికి అదే ప్రపంచ రికార్డు. అప్పుడూ చేపాక్ లేచి నిలబడింది. అంటే 1999లో జరిగింది గాలివాటం కాదన్నమాట.

మూడు వారాలకే

చెన్నైని చూసి మురిసిపోయేలోగా కలకత్తా వచ్చింది. అదే ఫిబ్రవరిలో ఈడెన్ గార్డెన్స్‌లో సచిన్ పరుగు తీస్తూ షోయబ్ అఖ్తర్‌ను తగిలి రనౌట్ అయ్యాడు. స్టాండ్స్‌లోంచి సీసాలు, పళ్లు వచ్చి పడ్డాయి. జనాన్ని శాంతింపజేయడానికి ఆ అవుటైన సచిన్నే మైదానం చుట్టూ తిప్పాల్సి వచ్చింది. ఆఖరి రోజు మళ్లీ గొడవైతే పోలీసులు స్టాండ్స్ మొత్తం ఖాళీ చేయించారు. అంత పెద్ద స్టేడియంలో చూసే నాథుడు లేకుండా పాకిస్తాన్ 46 పరుగులతో గెలిచింది. రెండూ మన ఊళ్లే, రెండుచోట్లా మన ఓటమే.

కరాచీ బాకీ తీర్చింది

2004 మార్చి 13న కరాచీలో మనం 349 కొట్టాం. వాళ్లు 344 దాకా వచ్చి ఆగిపోయారు. ఆఖరి బంతికి సిక్సర్ కావాల్సిన చోట మోయిన్ ఖాన్ క్యాచ్ ఇచ్చాడు. గొడవలవుతాయేమోనని అందరూ భయపడిన ఊళ్లో జనం నిలబడి భారత జట్టుకి చప్పట్లు కొట్టారు. ఆ పర్యటనలో పాకిస్తాన్ కుర్రకారు నెత్తిన పెట్టుకున్నది సచిన్నీ కాదు, సెహ్వాగ్‌నీ కాదు. ఎప్పుడూ నవ్వుతూ బంతి వేసే లక్ష్మీపతి బాలాజీని! ఒక హిందీ పాటలో ఒక మాట తీసేసి అతని పేరు ఇరికించి గ్యాలరీలు పాడాయి. మ్యాచ్‌లు చూడటానికి వెళ్లిన భారతీయుల దగ్గర లాహోర్‌లో ఆటోవాళ్లు, దుకాణాలవాళ్లు డబ్బులు తీసుకోలేదని వచ్చినవాళ్లు కథలు కథలుగా చెప్పారు. ఆ లాహోర్‌లోనే మన హైదరాబాదీ లక్ష్మణ్ 107 కొట్టి వన్డే సిరీస్ పట్టుకొచ్చాడు.

ఉప్పల్‌లో రావల్పిండి

2023 సెప్టెంబర్ 27 రాత్రి పాకిస్తాన్ జట్టు శంషాబాద్‌లో దిగింది. ఏడేళ్ల తర్వాత ఆ జట్టు భారతదేశంలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. వరల్డ్ కప్ కోసం సుమారు రెండు వారాలు హైదరాబాద్‌లోనే ఉన్నారు. వాళ్ల బిర్యానీ వార్తలు స్కోర్ల కంటే ఎక్కువొచ్చాయి. ఫీల్డింగ్ తడబడినప్పుడల్లా తప్పు బిర్యానీ మీదికి పోయేది.

అక్టోబర్ 10న శ్రీలంక 344 కొట్టింది. వరల్డ్ కప్‌లో అప్పటిదాకా అంత లక్ష్యాన్ని ఎవరూ ఛేదించలేదు. అబ్దుల్లా షఫీక్ 113, కండరాలు పట్టేసి మధ్యమధ్య నేలమీద కూలబడుతూ లేస్తూ మహమ్మద్ రిజ్వాన్ 131 నాటౌట్. ఉప్పల్ జనం పాకిస్తాన్ పక్షానే ఈలలు వేశారు. రావల్పిండిలో ఆడుతున్నట్టే అనిపించిందని మ్యాచ్ అయ్యాక రిజ్వానే చెప్పాడు. వెళ్లేముందు ఆ జట్టు మన గ్రౌండ్ సిబ్బందితో ఫొటో దిగింది, కెప్టెన్ బాబర్ ఆజమ్ వాళ్లకి తన జెర్సీ ఇచ్చాడు. ఎండలో పిచ్ మీద రోలర్ లాగేవాళ్లని గుర్తుపెట్టుకున్న ఆటగాడు ఏ దేశం వాడైతేనేం!

నాలుగు రోజుల తర్వాత అహ్మదాబాద్‌లో మనతో మ్యాచ్. అవుటై పెవిలియన్‌కి నడుస్తున్న అదే రిజ్వాన్ వెంట నినాదాలు పడ్డాయి. పాకిస్తాన్ బోర్డు ఐసీసీకి ఫిర్యాదు చేసింది. ఉప్పల్‌లో ఆడింది మన జట్టుతో కాదు కదా, చప్పట్లు కొట్టడం తేలికే అంటారా? నిజమే, ఒప్పుకుంటాను. అందుకే చేపాక్‌కి వేసినన్ని మార్కులు ఉప్పల్‌కి వేయను.

హైదరాబాద్ అల్లుడు

పాకిస్తాన్ ఎక్కడ ఆడినా ఆకుపచ్చ జెండాతో కనిపించే తెల్లగడ్డం పెద్దాయన్ని టీవీలో చూసే ఉంటారు. 'చికాగో చాచా' అంటారు. కరాచీలో పుట్టి, అమెరికా వెళ్లి హోటల్ నడిపాడు. భార్యది మన హైదరాబాద్. 2011 మొహాలీ సెమీఫైనల్‌కి టికెట్ దొరక్క తిరుగుతుంటే ధోనీ ఇప్పించాడు. ఆ తర్వాత చాలా మ్యాచ్‌లకి ఈ పాకిస్తాన్ వీరాభిమానికి టికెట్ భారత మాజీ కెప్టెన్ చలవే. 2018లో ఆసియా కప్ దుబాయ్‌లో జరిగినప్పుడు, ఒంటినిండా మూడు రంగులు పూసుకుని శంఖం ఊదే సచిన్ భక్తుడు సుధీర్‌కి వెళ్లడానికి డబ్బులు లేకపోయాయి. ఖర్చు పెట్టుకుని తీసుకెళ్లినవాడు చాచాయే.

చేత్తో సైగ

2019 జూన్ 9, లండన్ ఓవల్‌లో ఆస్ట్రేలియాతో మన మ్యాచ్. బాల్ ట్యాంపరింగ్ శిక్ష ముగించుకొచ్చిన స్టీవ్ స్మిత్ బౌండరీ దగ్గర ఫీల్డింగ్ చేస్తుంటే మనవాళ్లు 'మోసగాడు' అని అరుస్తున్నారు. బ్యాటింగ్‌లో ఉన్న విరాట్ కోహ్లీ అటు తిరిగి, అరవడం కాదు, చప్పట్లు కొట్టండని చేతులతో చూపించాడు. తర్వాత వాళ్ల తరఫున స్మిత్‌కి క్షమాపణ కూడా చెప్పాడు. ఆ ఏడాది ఐసీసీ 'స్పిరిట్ ఆఫ్ క్రికెట్' అవార్డు ఆ సైగకే వచ్చింది. మైదానంలో కోహ్లీ నోరు ఎలాంటిదో తెలిసినవాళ్లకి ఇది మరీ ముచ్చటగా ఉంటుంది.

నెల తిరిగేసరికి మనవాడు

2023 నవంబర్ 19న అహ్మదాబాద్‌లో మన కప్పు లాక్కుపోయిన ఆస్ట్రేలియా కెప్టెన్ పాట్ కమిన్స్, అంతమంది నోరు మూయించడంకన్నా తృప్తి ఉండదని ముందురోజే చెప్పి మరీ చేశాడు. తెలుగువాళ్లు తిట్టిన తిట్లు ఇన్నీ అన్నీ కావు. సరిగ్గా నెలకి, డిసెంబర్ 19న, సన్‌రైజర్స్ అతన్ని 20.50 కోట్లకి కొన్నది. వేసవికల్లా ఉప్పల్‌లో 'కమిన్స్ అన్న' అయిపోయాడు. అంతకుముందు డేవిడ్ వార్నర్ కథా అంతే. 2016లో మనకి కప్పు తెచ్చాడు, తెలుగు పాటలకి ఇంటిల్లిపాదితో స్టెప్పులేశాడు, 2025లో 'రాబిన్‌హుడ్' సినిమాలో కనిపించాడు కూడా. ఇది ఉదారతో, ఐపీఎల్ లెక్కో చెప్పలేను. హీరోల పేరు మీద ఫ్లెక్సీలు చింపుకునే మనకి, నిన్నటి శత్రువుని ఇంత తొందరగా అన్నని చేసుకోవడం వచ్చునని తెలియడం మాత్రం బాగుంది.

సింధు చెన్నైకి, మారిన్ హైదరాబాద్‌కి

2016 రియో ఒలింపిక్స్ బ్యాడ్మింటన్ ఫైనల్. మూడో గేమ్ పోయింది. గెలిచిన కరోలినా మారిన్ రాకెట్ వదిలేసి కోర్టు మీద పడి ఏడుస్తోంది. అప్పుడే స్వర్ణం చేజారిన సింధు నెట్ దాటి వెళ్లి ఆమెని లేపి కౌగిలించుకుంది. నేలమీద పడి ఉన్న రాకెట్ తీసి మారిన్ సామాను దగ్గర పెట్టింది.

ఇక అసలు విశేషం. ఆ తర్వాత నాలుగు నెలలకి, 2017 జనవరి 1న, ఆ ఏటి ప్రీమియర్ బ్యాడ్మింటన్ లీగ్ మొదలైంది. గచ్చిబౌలిలో ఇద్దరూ మళ్లీ ఎదురుపడ్డారు. హైదరాబాద్ అమ్మాయి ఆడింది చెన్నై జట్టుకి, స్పెయిన్ అమ్మాయి హైదరాబాద్ హంటర్స్‌కి. మారినే గెలిచింది. ఆ సాయంత్రం గచ్చిబౌలిలో ఎవరికి చప్పట్లు కొట్టాలో తేల్చుకోవడం ఎంత కష్టమో ఊహించుకోండి! 2018 జనవరిలో హంటర్స్ టైటిల్ గెలిచింది కూడా మారిన్ ఉండగానే.

2024 పారిస్‌లో ఆ మారిన్ సెమీఫైనల్లో గెలుపు ముంగిట మోకాలు దెబ్బతిని ఏడుస్తూ వెళ్లిపోయింది. అలా ఫైనల్ చేరిన చైనా అమ్మాయి హే బింగ్‌జియావ్ (ప్రీ క్వార్టర్స్‌లో మన సింధుని ఇంటికి పంపింది ఈమే) రజతం అందుకుంటూ పోడియం మీద చేతిలో చిన్న స్పెయిన్ బ్యాడ్జీ పట్టుకుని నిలబడింది.

పులసా, రొయ్యా?

కలకత్తా ఫుట్‌బాల్‌లో ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇళ్లలో ఇలిష్ వండుతారు, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు. ఇలిష్ అంటే ఏదో అనుకునేరు, గోదావరికి ఎదురీది వచ్చి మన దగ్గర పులస అనిపించుకునే చేపే. డెర్బీ ఫలితాన్ని బట్టి చేపల బజారులో ధరలు కదులుతాయి. ఈ సరదా పోటీకి ఒక చీకటి రోజుంది. 1980 ఆగస్టు 16న ఈడెన్‌లో ఈ రెండు జట్ల మ్యాచ్ చూడటానికి వచ్చిన 16 మంది గొడవలో, తొక్కిసలాటలో చనిపోయారు. ఇప్పుడా తేదీన ఫుట్‌బాల్ ప్రేమికుల దినం పేరుతో రక్తదాన శిబిరాలు పెడతారు.

2024 ఆగస్టులో, ఆర్‌జీ కర్ ఆసుపత్రి డాక్టర్ హత్యాచారం మీద ఊరు ఉడుకుతుంటే, 18న జరగాల్సిన డ్యూరాండ్ కప్ డెర్బీని రద్దు చేశారు. మ్యాచ్ లేకపోయినా రెండు జట్ల జనం సాల్ట్ లేక్ స్టేడియం ముందుకి వచ్చేశారు, ఊళ్లోని మూడో క్లబ్బు మహమ్మదన్ స్పోర్టింగ్ వాళ్లూ కలిశారు. ఒక క్లబ్బు జెర్సీ భుజాల మీద ఇంకో క్లబ్బు జెర్సీ ఎక్కి న్యాయం కావాలని అరిచింది. ఆ ఊళ్లో అది పులసా రొయ్యా ఒకే కూరలో పడటంలాంటిది.

చిల్లర విశేషాలు

సిడ్నీ మైదానంలో ఒక ప్రేక్షకుడికి కంచు విగ్రహముంది. పేరు యాబ్బా. కుందేలు మాంసం అమ్ముకునేవాడు, ఆట రోజున పైన కూర్చుని ఆటగాళ్లని ఏడిపించేవాడు. ఇంగ్లండ్ దిగ్గజం జాక్ హాబ్స్ ఆ మైదానానికి వీడ్కోలు చెబుతూ నడిచి వెళ్లి ఇతనికి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు.

2005 నవంబర్‌లో రియల్ మాడ్రిడ్ సొంత మైదానంలో బార్సిలోనా 3-0తో గెలిచింది. రెండు గోల్స్ రొనాల్డినోవి. బద్ధశత్రువుకి మాడ్రిడ్ జనం లేచి చప్పట్లు కొట్టారు.

జపాన్ ఫుట్‌బాల్ అభిమానులు నీలం ప్లాస్టిక్ సంచులు తెచ్చుకుంటారు. ఆట జరిగినంతసేపూ గాలి నింపి ఊపుతారు, అయ్యాక వాటిలోనే చెత్త ఎత్తుతారు. 2022 వరల్డ్ కప్‌లో ఖతార్, ఈక్వెడార్ ఆడిన తొలి మ్యాచ్‌కి వెళ్లి, తమది కాని ఆటకి కూడా స్టాండ్స్ ఊడ్చి వచ్చారు.

2017 ఏప్రిల్‌లో జర్మనీలో డార్ట్‌మండ్ జట్టు బస్సు పక్కన బాంబులు పేలి, మొనాకోతో మ్యాచ్ మర్నాటికి వాయిదా పడింది. మొనాకో నుంచి వచ్చిన అభిమానులకి ఆ రాత్రి పడక లేదు. డార్ట్‌మండ్ వాళ్లు ఇళ్లు తెరిచి, అన్నం పెట్టి పడుకోబెట్టారు. మర్నాడు అతిథులే 3-2తో గెలిచారు.

తెల్లబట్టల రాత్రి

2016 నవంబర్ 28 రాత్రి. బ్రెజిల్‌లో షపెకో అనే చిన్న ఊరి జట్టు, షపెకోయెన్సె, తన చరిత్రలోనే పెద్ద ఫైనల్ ఆడటానికి కొలంబియా వెళ్తోంది. మెడెలిన్ దగ్గర, ఇంధనం అయిపోయి, విమానం కొండల్లో కూలింది. 77 మందిలో 71 మంది చనిపోయారు. ప్రత్యర్థి జట్టు అట్లెటికో నాసియోనల్ ఒక్క మాటే చెప్పింది: కప్పు వాళ్లకే ఇచ్చేయండి. సౌత్ అమెరికా సమాఖ్య అలాగే ఇచ్చింది.

ఆ ఫైనల్ మొదటి మ్యాచ్ జరగాల్సిన నవంబర్ 30 సాయంత్రం మెడెలిన్ స్టేడియం నిండిపోయింది. ఆట లేదు. వచ్చినవాళ్లంతా తెల్లబట్టలు కట్టుకుని, కొవ్వొత్తులు పట్టుకుని, తాము ఓడించాలనుకున్న జట్టు పేరు పలికారు. లోపల చోటు చాలక వేలమంది బయట రోడ్డు మీదే నిలబడ్డారు.

2017 ఏప్రిల్‌లో రెకోపా కప్పు కోసం నాసియోనల్ జట్టు షపెకో వచ్చింది. ఊరు ఊరంతా వీధుల్లోకొచ్చి అతిథుల్ని పండగలా ఆహ్వానించింది. తర్వాత ఆట మొదలైంది. ఆ మ్యాచ్ షపెకోయెన్సె 2-1తో గెలిచింది. మే నెలలో మెడెలిన్‌లో జరిగిన రెండో మ్యాచ్ నాసియోనల్ 4-1తో గెలిచింది. ఈసారి కప్పు ఎవరూ ఎవరికీ వదల్లేదు, నాసియోనల్ ఆడి గెలుచుకుంది.