పైరుకు కొట్టిన మందు, పిల్లల ఎదుగుదల

పురుగుమందు ప్రమాదం అనగానే మనకు గుర్తుకు వచ్చేవి పొలంలో కళ్లు తిరిగి పడిపోవడం, వాంతులు, ఆసుపత్రికి పరుగు. అది ఆనాడే కనబడే హాని. ఏళ్లు గడిచాక కనబడే హాని ఇంకొకటి ఉన్నది. దానిని గురించి మన ఇళ్లలో మాట్లాడుకోవడానికి కొంచెం సిగ్గుపడతాము.

కొన్ని రసాయనాలు హార్మోన్ల పనిలో జోక్యం చేసుకుంటాయి. హార్మోన్లంటే మన గ్రంథులు రక్తం ద్వారా పంపే కబుర్లవంటివి. బిడ్డ ఎప్పుడు ఎదగాలి, యౌవనం ఎప్పుడు రావాలి, సంతానశక్తి ఎలా ఉండాలి అన్నవి వాటి అదుపులోనివే. అవి అతి స్వల్ప మోతాదులో పని చేస్తాయి. గనుక వాటిని తారుమారు చేయడానికి కొద్దిపాటి రసాయనమైనా చాలవచ్చును.

ఇందుకు మన దేశంలోనే ఉదాహరణ ఉన్నది. కేరళ ఉత్తరాన కాసరగోడు జిల్లాలోని ప్రభుత్వ సంస్థ జీడిమామిడి తోటలపై 20 ఏళ్లకు పైగా హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లారు. మన రైతు సోదరులకు ఈ పేరు కొత్త కాదు. పత్తిలో శనగపచ్చ పురుగుకు మనవారు కొట్టినదే. తోటల నడుమ, తోటల కింద జనం కాపురముండే పల్లెలు. తన దగ్గరకు వచ్చే రోగులలో వింత జబ్బులు ఎక్కువగా ఉన్నాయని అక్కడి వైద్యుడు మోహన్ కుమార్ గమనించారు. వ్యవసాయశాఖ ఉద్యోగిని లీలాకుమారి అమ్మ కోర్టుకు వెళ్లారు. 2000 సంవత్సరాంతానికి పిచికారీ ఆగింది.

ఆ తరువాత అహ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ పరిశోధకులు తోటల కిందనున్న ఒక ఊరిలో 117 మంది బాలురను, మందు చల్లని చోట 90 మంది బాలురను పరీక్షించారు. అందరూ 10 నుండి 19 ఏళ్లవారు. ఫలితాలు 2003లో వెలువడ్డాయి. తోటల ఊరిలో రక్తం పరీక్షించిన ప్రతి నూరుమందిలో 78 మందికి ఎండోసల్ఫాన్ కనబడింది. చల్లని చోట కూడా 29 మందికి ఉన్నది! అది అక్కడికెలా చేరిందో ఆలోచించండి.

అసలు సంగతి వేరే. మందు తగిలిన బాలురలో వయసుకు తగిన యౌవన లక్షణాలు ఆలస్యమయ్యాయి. టెస్టోస్టిరోన్ అనే పురుష హార్మోను తగ్గింది. మెదడు కిందనున్న గ్రంథి పంపే హార్మోను మాత్రం పెరిగింది. అంటే పైనుండి పిలుపు గట్టిగానే ఉన్నది, కిందనుండి జవాబు తగ్గింది.

దీనిపై ఆక్షేపణలు లేకపోలేదు. పరీక్షించినవారి సంఖ్య చిన్నదని, కొందరు పరీక్షకు రాలేదని ఆ పరిశోధకులే రాశారు. మా దృష్టిలో అది వారి నిజాయితీ. 2011లో సుప్రీంకోర్టు దేశమంతటా ఎండోసల్ఫాన్‌ను ఆపివేసింది. బాధితులకు 5 లక్షల రూపాయల చొప్పున చెల్లించాలని 2017లో కేరళ ప్రభుత్వాన్ని ఆదేశించింది.

ఎండోసల్ఫాన్ పోయింది గాని పురుగుమందులు పోలేదు. మన పల్లెల్లో ఖాళీ డబ్బాను కడిగి నూనెకో, కిరసనాయిలుకో వాడేవారు ఇంకా ఉన్నారు. మందు కొట్టి వచ్చిన నాన్న ఆ బట్టలతోనే బిడ్డను ఎత్తుకుంటాడు. ఆ బట్టలు విడిగా ఉతకాలి. ముందు స్నానం, తరువాతే బిడ్డ. నిండు చూలాలిని మందు కొట్టిన చేలో కలుపుకు పంపవద్దు. నెల తప్పిన తొలి వారాలలో ఇంకా జాగ్రత్త, బిడ్డ అవయవాలు రూపుదిద్దుకునేది అప్పుడే.

ఇంకొక మాట. సంతానం లేదని కోడలిని ఒక్కదానినే ఆసుపత్రుల చుట్టూ తిప్పే అత్తమామలను చూస్తున్నాము. సంతానలేమిలో సుమారు సగం సందర్భాలలో పురుషునివైపు కూడా కారణముంటుంది. అబ్బాయికి చేయించవలసిన వీర్యపరీక్ష చాలా సులువైనది, ఖర్చు కూడా తక్కువే. డాక్టరు దగ్గరకు ఇద్దరూ కలిసి వెళ్లండి. అతడు ఏ మందులు, ఎన్నేళ్లుగా కొడుతున్నాడో కూడా చెప్పండి.