మూడు వందల డాలర్ల వెల

చెరువుకట్టకు గండిపడితే ఇంటికొక మనిషి రావాలని వెనుక మన పల్లెల్లో దండోరా వేయించేవారు. పెద్ద కమతమున్న ఆసామి తన పాలేరును పంపేవాడు. తట్టలు మోయడంలో అది చెల్లుతుంది. ప్రాణం ఒడ్డవలసిన చోట కూడ చెల్లిన దేశమున్నది.

అమెరికా అంతర్యుద్ధం మొదలై రెండేళ్ళు కావస్తున్నది. తమంతట తాము సైన్యంలో చేరేవారు తగ్గారు. 1863 మార్చి 3న లింకన్ నిర్బంధ సైనిక చట్టంపై సంతకం చేశాడు. 20 నుంచి 45 ఏళ్ళ మగవారి పేర్లు చీట్లు తీస్తారు. చీటీ పడినవాడు 300 డాలర్లు కట్టవచ్చు, లేదా తనకు బదులు మరొకణ్ణి కుదిర్చి పంపవచ్చు. 300 డాలర్లంటే ఆనాడు కూలివానికి దాదాపు ఏడాది సంపాదన.

చట్టం చేసినవారు కేవలం దుర్మార్గులనలేము. బదులు మనిషి వెల అంతకు మించకుండా ఉండాలనే ఆ సొమ్ము పెట్టామన్నారు. నిజమే, 1864 జూలైలో ఆ వెసులుబాటు తీసివేయగానే బదులు మనుషుల ధర పెరిగిపోయింది. కాని చేతిలో పది డాలర్లు లేనివానికి వెల ఎంతయితేనేమి?

1863 జూలై 11, శనివారంనాడు న్యూయార్కులో చీట్లు తీయడం మొదలుపెట్టారు. సోమవారానికి నగరం అంటుకున్నది. దక్షిణాన బానిసకు వెయ్యి డాలర్లు పలుకుతుంటే తమ ప్రాణం మూడు వందలేనా అని ఐరిష్ కూలీలు గొణిగారు. ఆ కోపం చివరకు తమకంటె దీనులైన నల్లవారిమీద విరుచుకుపడినది. నల్లపిల్లల అనాథ శరణాలయాన్ని తగులబెట్టారు. లోపలి 200 పైచిలుకు పిల్లలు ఎట్లాగో బయటపడ్డారు. నాలుగు రోజులలో నూరుమందికి పైగా చనిపోయారు. కూలీల కష్టం చెప్పి ఈ సంగతి దాచితే కథ సగమే చెప్పినట్లు.

యుద్ధం ముగిసేసరికి చీటీ పడి, సేవకు తగినవారని తేలినవారు సుమారు 2,07,000 మంది. 87,000 మంది సొమ్ము కట్టారు. 74,000 మంది బదులు మనిషిని పంపారు. స్వయంగా వెళ్ళినవారు 46,000 మంది. దక్షిణాది తక్కువ తినలేదు: 1862 అక్టోబరు చట్టం ప్రకారం ఇరవైమంది బానిసలున్న తోటకు ఒక తెల్లవాడు యుద్ధానికి పోనక్కరలేదు.

బఫెలో నగరంలో గ్రోవర్ క్లీవ్‌లాండ్ అనే యువ న్యాయవాదికి చీటీ పడింది. సోదరులిద్దరు అప్పటికే సైన్యంలో ఉన్నారు, తల్లి పోషణ తనది. పోలండునుంచి వచ్చిన నావికునికి 150 డాలర్లిచ్చి తన బదులు పంపాడు. 1884లో అధ్యక్ష పదవికి పోటీ చేసినప్పుడు ప్రత్యర్థులు ఈ సంగతి తవ్వి తీశారు. అయితే వారి అభ్యర్థి బ్లెయిన్ కూడ బదులు మనిషిని పంపినవాడే. క్లీవ్‌లాండ్ గెలిచాడు.