మీ డిగ్రీకి రుజువు మినిట్స్‌లో ఉంది

నోటిఫికేషన్‌లో ‘సీఎస్‌ఈ లేదా తత్సమానం’ అని ఉంటుంది. మీ పట్టాలో ‘ఆర్టిఫిషియల్‌ ఇంటెలిజెన్స్‌ అండ్‌ డేటా సైన్స్‌’ అని ఉంటుంది. రాతపరీక్ష గట్టెక్కి సర్టిఫికెట్ల పరిశీలనకు వెళ్తే, ‘ఇది దానికి సమానమని ఎక్కడుంది?’ అని అడగొచ్చు. దానికి మార్కుల మెమోలో జవాబు దొరకదు. యూనివర్సిటీ ఇచ్చే ఈక్వివలెన్స్‌ సర్టిఫికెట్‌ కావాలి. సాధారణంగా దాని వెనక అకడమిక్‌ కౌన్సిల్‌ తీర్మానం ఒకటి ఉంటుంది. కొన్నిచోట్ల దీన్నే సెనేట్‌ అంటారు. ఆ తీర్మానం నమోదయ్యేది మీటింగ్‌ మినిట్స్‌లో.

మనం రోజూ తిట్టుకునే ఆర్‌18, ఆర్‌22 రెగ్యులేషన్లు కూడా ఇలాంటి సమావేశాల్లో పుట్టినవే. ఎన్ని క్రెడిట్లుంటే పై ఏడాదికి పంపాలి, పాత రెగ్యులేషన్‌లో మిగిలిన సబ్జెక్టు బదులు కొత్తదాంట్లో ఏది రాయాలి... ఇవన్నీ అక్కడే తేలతాయి. 2008లో జేఎన్‌టీయూ హైదరాబాద్‌, కాకినాడ, అనంతపురం యూనివర్సిటీలుగా విడిపోయింది. అంతకుముందు చదివినవాళ్లకు ఇప్పుడు పాత సిలబస్‌ కావాలంటే, ఏ ఫైలు ఏ ఊళ్లో ఉందన్నదే మొదటి ప్రశ్న.

ఆ కాగితం అడిగే హక్కు మీకుంది. సమాచార హక్కు చట్టం-2005లోని సెక్షన్‌ 4 ప్రకారం ప్రభుత్వ సంస్థలు రికార్డులను సూచికతో సహా సర్ది ఉంచాలి. తమ కౌన్సిళ్లు, కమిటీల మినిట్స్‌ ప్రజలకు దొరుకుతాయో లేదో కూడా ప్రకటించాలి. దరఖాస్తు ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. జవాబు రాకపోతే అదే యూనివర్సిటీలోని అప్పిలేట్‌ అధికారికి మొదటి అప్పీలు వేసుకోవచ్చు.

అడిగే తీరే ముఖ్యం. ‘మా బ్యాచ్‌ గురించి ఏం నిర్ణయించారు?’ అని రాస్తే, అంతే పొడిగా ఓ జవాబొస్తుంది. ‘ఫలానా ఏడాది నుంచి ఫలానా ఏడాది వరకు మా బ్రాంచి సమానత్వంపై అకడమిక్‌ కౌన్సిల్‌ చేసిన తీర్మానాలు, వాటి అజెండా నోట్‌, ఆమోదం పొందిన మినిట్స్‌ ప్రతులు’ అని రాయండి. ‘ఆమోదం పొందిన’ అనే మాట వదలొద్దు. ఒక సమావేశం మినిట్స్‌ను తర్వాతి సమావేశంలో చదివి ఆమోదిస్తారు. ఈలోగా సవరణలు జరగొచ్చు. చిత్తుప్రతి పట్టుకెళ్తే కొత్త తలనొప్పి.

ఆలస్యం కూడా చేయొద్దు. సీబీఎస్‌ఈ జవాబు పత్రాల కేసులో 2011లో సుప్రీంకోర్టు ఓ మాట స్పష్టం చేసింది. నిబంధనల ప్రకారం రికార్డును ఎంతకాలం ఉంచాలో అంతవరకే అడగగలం, సమాచార హక్కు చట్టం ఆ గడువును పెంచదు. మినిట్స్‌ను సాధారణంగా శాశ్వతంగా ఉంచాల్సిన రికార్డుగానే చూస్తారు. కానీ వాటికి జతచేసిన కాగితాలు, దరఖాస్తులు, నోట్‌ ఫైళ్లకు ఆ భరోసా లేదు. గోడౌన్‌లో తడిసిన కట్టకు చట్టమూ ఏం చేయలేదు!

అటానమస్‌ కాలేజీ విద్యార్థులు ఇంకాస్త జాగ్రత్తపడాలి. మీ సిలబస్‌ ఖరారు చేసేది కాలేజీ సొంత అకడమిక్‌ కౌన్సిల్‌. అంటే అసలు రికార్డు కాలేజీలోనే ఉంటుంది. ప్రైవేటు కాలేజీ స్పందించకపోతే యూనివర్సిటీని అడిగి చూడండి. ఆ కౌన్సిల్‌లో యూనివర్సిటీ ప్రతినిధులూ ఉంటారు కాబట్టి అక్కడ ప్రతి దొరికే అవకాశం ఉంది.

ఇక వెబ్‌సైట్లో పీడీఎఫ్‌ ఉందని నిశ్చింతగా ఉండకండి. సైటు డిజైన్‌ మార్చిన రోజు పాత లింకులు పోతాయి. మీ రెగ్యులేషన్‌, సిలబస్‌, కౌన్సిల్‌ మినిట్స్‌ కనిపించిన రోజే డౌన్‌లోడ్‌ చేసి, ఆ పేజీని వేబ్యాక్‌ మెషీన్‌లోనూ సేవ్‌ చేయండి. చాలావరకు వంకరగా స్కాన్‌ చేసిన బొమ్మలే ఉంటాయి, వాటిలో మాట వెతికితే దొరకదు. అందుకే ఫైలు పేరులోనే మీటింగ్‌ నంబరు, తేదీ, తీర్మానం నంబరు పెట్టుకోండి. రేపు ఈక్వివలెన్స్‌ దరఖాస్తులో రాయాల్సినవీ ఆ మూడే.