ఖైదీ కూడ వాది కాగలడు

దిల్‌సుఖ్‌నగర్ దాటి ఎల్.బి.నగర్ చేరితే రంగారెడ్డి జిల్లా న్యాయస్థానాల ఆవరణ వస్తుంది. పోలీసు వ్యానులో అక్కడికి తీసుకురాబడే ఖైదీని జనం ముద్దాయిగానే ఎరుగుదురు. జైలులో తనకు అన్యాయం జరిగితే అతడే వాదిగా నిలబడవచ్చుననే సంగతి అతని బంధువులలో కూడ చాలామందికి తెలియదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ హక్కు రెండు విధాలుగా పరీక్షకు వచ్చింది. విశాఖపట్నం సెంట్రల్ జైలులోని నక్సలైటు ఖైదీలు, గోడపై అమర్చిన విద్యుత్ తీగలను ఆక్షేపిస్తూ సుప్రీంకోర్టుకు రిట్ పెట్టుకున్నారు. భువన్ మోహన్ పట్నాయక్ కేసుగా ప్రసిద్ధమైన ఆ వ్యాజ్యంలో 1974లో తీర్పు వెలువడింది. శిక్ష పడినంత మాత్రాన మనిషి ప్రాథమిక హక్కులన్నీ కోల్పోడనే సూత్రం అందులో స్థిరపడింది.

రెండవది సాధారణ సివిల్ దావా. 1977లో కోయిలకుంట్ల సబ్‌జైలుపై బాంబు దాడి జరిగి ఒక ఖైదీ మరణించగా, అతనితోపాటు నిర్బంధంలో ఉన్న కుమారుడు గాయపడ్డాడు. ఆ కుమారుడు ప్రభుత్వంపై నష్టపరిహారానికి దావా వేశాడు. సార్వభౌమాధికారం పేరిట ప్రభుత్వం బాధ్యతను తప్పించుకొనజాలదని 2000లో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే కాపలా కాయవలసినవాడు ప్రాణరక్షణకు కూడ జవాబుదారి అన్నమాట.

అమెరికాలో ఈ ద్వారం తెరిచినవారిలో ముస్లిం ఖైదీలు ముఖ్యులు. ఇల్లినాయిస్ జైలులోని కూపర్, తన మతవిశ్వాసం కారణంగానే ధార్మిక గ్రంథాలు కొననివ్వడం లేదని ఫెడరల్ కోర్టులో ఫిర్యాదు చేశాడు. క్రింది కోర్టులు దానిని కొట్టివేసినా, 1871 నాటి పౌరహక్కుల చట్టం క్రింద విచారించదగినదేనని 1964లో అక్కడి సుప్రీంకోర్టు నిర్ణయించింది. అయితే 1996 నాటి చట్టం ప్రకారం ఖైదీ ముందుగా జైలులోని ఫిర్యాదు మార్గాలన్నీ ముగించి తీరాలి.

మన దేశంలో ప్రాథమిక హక్కుల భంగానికి 226వ అధికరణం క్రింద హైకోర్టును, 32వ అధికరణం క్రింద సుప్రీంకోర్టును ఆశ్రయించవచ్చు. తోటి ఖైదీని వార్డరు హింసించాడని సునీల్ బాత్రా అనే ఖైదీ న్యాయమూర్తికి వ్రాసిన ఉత్తరాన్నే సుప్రీంకోర్టు పిటిషన్‌గా స్వీకరించింది. ఇక 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం, నిర్బంధంలో ఉన్న వ్యక్తి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయానికి అర్హుడు. వకీలు ఫీజు లేదని మౌనంగా ఉండవలసిన అవసరం లేదు.

ములాఖత్‌కు వెళ్ళే కుటుంబీకులు ఏమి జరిగింది, ఏ తేదీన జరిగింది, ఎవరు చూశారు అనేవి అడిగి వ్రాసిపెట్టుకోవాలి. న్యాయస్థానం విధించిన శిక్ష నిర్బంధం మాత్రమే. దెబ్బలు, ఆకలి, అవమానం ఏ తీర్పులోనూ వ్రాసి లేవు.