నిషేధం తరువాత పదవులు: బల్గేరియా రాత్నిక్‌ల చరిత్ర

రెండు ప్రపంచ యుద్ధాల నడుమ బల్గేరియాలో ఫాసిజం ఇటలీలో మాదిరిగా ఒకే నాయకుడి వెంట రాజధాని మీదికి కవాతు చేసి రాలేదు, జర్మనీలో మాదిరిగా ఎన్నికలలో అతి పెద్ద పక్షంగా ఎదిగి అధికారాన్ని చేజిక్కించుకోనూ లేదు. ఆ దేశంలో ఫాసిస్టు సంఘాలు పలు ముక్కలుగా, ఒకదానితో ఒకటి పోటీపడుతూ, ప్రజల మద్దతు పెద్దగా లేకుండానే నడిచాయి. అందువల్ల కొందరు చరిత్రకారులు వాటిని చిన్న విషయంగా చూసి దాటవేశారు. ఒక ఉద్యమం బలాన్ని సభ్యుల సంఖ్యతోనే కొలిస్తే ఆ నిర్ణయం సమంజసమే కావచ్చు గానీ, ఆ సంఘాలలో ఒకటైన ‘రాత్నిక్’ సంస్థ సభ్యులు ఏయే పదవులలో కూర్చున్నారో, అక్కడి నుంచి ఏ ఉత్తర్వుల మీద సంతకాలు చేశారో పరిశీలిస్తే అది నిలబడదు.

ఈ సంఘాలన్నింటికీ పునాది మొదటి ప్రపంచ యుద్ధపు ఓటమి. జర్మనీ పక్షాన పోరాడిన బల్గేరియా 1919 నవంబరు 27న పారిస్ పొలిమేరలోని న్యూయీలో సంతకం చేసిన సంధి ప్రకారం ఏజియన్ సముద్ర తీరాన్ని, పశ్చిమ సరిహద్దులోని కొన్ని ప్రాంతాలను కోల్పోయింది. సైన్యాన్ని 20,000 మందికి కుదించుకోవడానికి, 225 కోట్ల బంగారు ఫ్రాంకుల నష్టపరిహారం చెల్లించడానికి ఒప్పుకోవలసి వచ్చింది. మాసిడోనియా, థ్రేస్ ప్రాంతాల నుంచి శరణార్థులు పెద్ద ఎత్తున తరలివచ్చారు, యుద్ధంలో పెరిగిన సైనికాధికారులు నిరుద్యోగులయ్యారు. పోగొట్టుకున్న నేలను తిరిగి సంపాదించాలన్న కోరిక దేశంలో దాదాపు అన్ని పక్షాలకూ ఉన్నదే. ఆ కోరికకు ‘లోపలి శత్రువు’ అనే భావనను జోడించడం మాత్రం ఫాసిస్టుల పని.

రాజకీయాలలో హత్య మామూలు సాధనంగా మారినది 1923లో. యుద్ధానంతరం రైతుల పక్షం నాయకుడు అలెక్సాందర్ స్తాంబోలీస్కీ ప్రధానిగా భూసంస్కరణలు చేపట్టగా, ఆ ఏడాది జూన్ 9న సైనికాధికారులు, నగర రాజకీయవేత్తలు కలిసి ఆయనను కూలదోసి, కొద్ది రోజులకే చిత్రహింసలు పెట్టి చంపారు. సోఫియా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం బోధించే అలెక్సాందర్ త్సాంకోవ్ ప్రధాని అయ్యాడు. సెప్టెంబరులో కమ్యూనిస్టుల తిరుగుబాటును ఆయన ప్రభుత్వం రక్తపాతంతో అణచివేసింది. 1925 ఏప్రిల్ 16న సోఫియాలోని స్వెతా నెదెల్యా చర్చిలో కమ్యూనిస్టులు పేల్చిన బాంబుకు నూటయాభై మందికి పైగా బలైన తరువాత, అరెస్టయినవారు ఎందరో మాయమయ్యారు, వారిలో కవి గెయో మిలెవ్ ఒకడు. త్సాంకోవ్ పాలనను ఫాసిజం అనవచ్చునా అన్నది పండితుల మధ్య ఇప్పటికీ తేలని చర్చ. ప్రజలను కూడగట్టే పార్టీ అప్పటికి ఆయన వెనుక లేదు కనుక దానిని సైనిక నిరంకుశత్వం అనడమే సరైనది. అయితే 1932లో ఆయన నాజీల నమూనాలో ‘జాతీయ సాంఘిక ఉద్యమం’ స్థాపించి, 1934 మే 21న సోఫియాలో భారీ సభకు పిలుపునిచ్చినప్పుడు సందేహానికి తావు మిగలలేదు.

ఆ సభ జరగలేదు. దానికి రెండు రోజుల ముందే, మే 19న, ‘జ్వెనో’ అనే చిన్న మేధావి వర్గం సైనికాధికారులతో చేతులు కలిపి అధికారాన్ని హస్తగతం చేసుకొని పార్టీలన్నింటినీ రద్దు చేసింది. ఏడాది తిరగకుండానే రాజు మూడవ బోరిస్ వారిని కూడా పక్కకు నెట్టి, తనకు విధేయులైన మంత్రులతో స్వయంగా పాలించసాగాడు. సింహాసనానికి పోటీ కాగల ఏ నాయకుడూ, ఏ సంఘమూ పెరగకూడదన్నది ఆయన విధానం కాబట్టి, జర్మనీ వైపు చూసే ఫాసిస్టు సంఘాలను ఆయన అనుమానంగానే చూశాడు.

రాత్నిక్ సంస్థ పుట్టింది ఈ వాతావరణంలోనే. బల్గేరియన్ భాషలో రాత్నిక్ అంటే యోధుడు. ‘బల్గేరియా జాతీయ స్ఫూర్తి పురోగతి యోధులు’ అన్నది సంస్థ పూర్తి పేరు. 1936లో ఆచార్య అసెన్ కాంతార్జియెవ్ దీనిని స్థాపించాడు. యువకులను కమ్యూనిస్టుల వైపు పోనివ్వకుండా ఆకట్టుకోవాలని సభ్యులు ఎర్రని దుస్తులే ధరించారు, వృత్తంలో ఇమిడిన శిలువను చిహ్నంగా పెట్టుకున్నారు. రాజభక్తిని ప్రకటిస్తూనే హిట్లర్ విధానాలను, ప్రత్యేకించి యూదు ద్వేషాన్ని, నెత్తికెత్తుకున్నారు. దాదాపు అరవై లక్షల జనాభాలో యూదులు యాభై వేల లోపే. వారిలో చాలామంది శతాబ్దాల క్రితం స్పెయిన్ నుంచి వెలివేయబడి ఒట్టోమన్ రాజ్యంలో ఆశ్రయం పొందిన వారి సంతతి, చిన్న వ్యాపారులు, చేతివృత్తులవారు. పొరుగున రుమేనియాలో వేళ్లూనుకున్న యూదు వ్యతిరేకత ఇక్కడ అంతగా లేదు. 1939లో సంస్థను అధికారికంగా నిషేధించినా సభ్యులు చెదిరిపోలేదు. ఆ ఏడాదే సోఫియాలో యూదుల దుకాణాలపై రాళ్లు రువ్వి అద్దాలు పగులగొట్టారు. రాజకీయవేత్తలు పలువురు ఖండించారు, జనం వారి వెనుక నడవలేదు.

వీధిలో దక్కనిది సచివాలయంలో దక్కింది. 1940లో జర్మనీ వైపు మొగ్గిన రాజు, ఆ దేశాన్ని మెప్పించే మనుషుల కోసం వెతికినప్పుడు రాత్నిక్‌గా ఉండిన న్యాయవాది పెతర్ గబ్రోవ్‌స్కీ అంతర్గత వ్యవహారాల మంత్రి అయ్యాడు. అదే సంస్థకు చెందిన అలెక్సాందర్ బెలెవ్‌ను జర్మనీ జాతి చట్టాలను అధ్యయనం చేయడానికి పంపారు. ఫలితంగా వచ్చిన ‘జాతి రక్షణ చట్టం’ 1941 జనవరిలో అమలులోకి వచ్చి యూదులకు ఓటు హక్కును, ప్రభుత్వోద్యోగాలను, బల్గేరియన్లతో వివాహాన్ని నిషేధించింది, వృత్తులలో వారి సంఖ్యకు పరిమితి విధించింది. రచయితలు, న్యాయవాదులు, చర్చి పెద్దలు బహిరంగంగా వ్యతిరేకించినా శాసనసభ ఆమోదించింది. 1941 మార్చి 1న బల్గేరియా జర్మనీ కూటమిలో చేరి, ఆ వసంతంలోనే యుగోస్లావియా, గ్రీసుల నుంచి ఆక్రమించిన మాసిడోనియా, థ్రేస్ ప్రాంతాల పాలనను చేపట్టింది.

1942లో ఏర్పడిన యూదు వ్యవహారాల కమిషనరేట్‌కు బెలెవ్ అధిపతి అయ్యాడు. 1943 ఫిబ్రవరి 22న ఆయన, జర్మనీ ప్రతినిధి థియోడోర్ డానెకర్ కలిసి 20,000 మంది యూదులను అప్పగించే ఒప్పందంపై సంతకాలు చేశారు. కొత్తగా ఆక్రమించిన ప్రాంతాలలో అంతమంది లేరు. అందుకే ఒప్పందపు ప్రతిలో ఆ ప్రాంతాల పేర్లున్న మాటలను కొట్టివేసి, పాత బల్గేరియా యూదులను కూడా అందులోకి లాగే వీలు కల్పించారు. మార్చిలో థ్రేస్, మాసిడోనియా, పిరోత్ ప్రాంతాల నుంచి 11,343 మందిని బల్గేరియా పోలీసులే నిర్బంధించి జర్మన్లకు అప్పగించారు. వారిని ట్రెబ్లింకా మృత్యు శిబిరానికి చేర్చారు, దాదాపు ఎవరూ బతకలేదు.

పాత బల్గేరియాలో అరెస్టులు ఆగిన తీరు ఈ చరిత్రలో ఎక్కువగా గుర్తుంచుకునే భాగం. అక్కడి యూదులను కూడా తరలించబోతున్నారని క్యుస్తెందిల్ పట్టణం నుంచి వచ్చిన ప్రతినిధులు చెప్పగా విని శాసనసభ ఉపాధ్యక్షుడు దిమితర్ పెషెవ్ మార్చి 9న నేరుగా గబ్రోవ్‌స్కీ వద్దకు వెళ్లి ఒత్తిడి తెచ్చి అరెస్టులను నిలిపివేయించాడు, తరువాత నలభై మందికి పైగా సభ్యులతో నిరసన పత్రంపై సంతకాలు చేయించాడు. మత పెద్దలు స్తెఫాన్, కిరిల్ కూడా గట్టిగా నిలబడ్డారు. జాతి రక్షణ చట్టానికి గతంలో ఓటు వేసినవాడే పెషెవ్. ఆ చట్టం ఎక్కడికి దారితీస్తుందో కళ్లెదుట చూశాక ఎదురు తిరిగిన ఆయన ధైర్యం గొప్పది. సుమారు 48,000 మంది ప్రాణాలు దక్కాయి. అయితే ఆ రక్షణ థ్రేస్, మాసిడోనియా యూదులకు అందలేదన్న సంగతిని పక్కనపెట్టి దేశ కీర్తిని మాత్రమే చెప్పుకోవడం చనిపోయినవారికి అన్యాయమే.

1944 సెప్టెంబరు 9న అధికారం కమ్యూనిస్టులు నడిపే కూటమి చేతికి వచ్చింది. త్సాంకోవ్ జర్మన్ల అండతో వియన్నాలో ప్రవాస ప్రభుత్వం నడిపి, చివరికి అర్జెంటీనాలో 1959లో మరణించాడు. ఆయన మంత్రివర్గంలో కాంతార్జియెవ్ కూడా ఉన్నాడు. గబ్రోవ్‌స్కీని 1945 ఫిబ్రవరిలో కాల్చి చంపారు. అదే సంవత్సరం యూదులపై జరిగిన నేరాలను ప్రత్యేకంగా విచారించిన ప్రజా న్యాయస్థానం బెలెవ్‌కు, ఆయన ఎదుట లేకుండానే, మరణశిక్ష విధించింది. యుద్ధకాలపు శాసనసభ్యులను విచారించిన మరో విభాగం పెషెవ్‌కు పదిహేనేళ్ల జైలు శిక్ష వేసింది. త్వరగానే విడుదలైనా, ఆయన చేసిన పనిని దశాబ్దాల పాటు దేశంలో దాదాపు ఎవరూ ప్రస్తావించలేదు.